కండ్లార చూసినోని యాది

కోర్టుల అబద్ధమాడేటోణ్ణి పట్టుడు అంత కష్టం గాదు బిడ్డా. నువ్వు లా చదువుతున్నవు, రేపు నల్లకోటు ఏసుకుంటవు, అందుకే చెప్తున్న. అబద్ధం నేర్చుకొని వచ్చినోడు బోనెక్కంగనే తెలుస్తది. అడగని మాట గూడ కలిపి ఒప్పజెప్తడు. నడుమల ఆపితే మళ్ళ మొదటికెల్లి అందుకుంటడు. వకీలు రెండు ప్రశ్నలు అడ్డం ఏస్తే కథ కూలిపోతది. కష్టమంత నిజం చెప్పాలెనని వచ్చినోనితోనే. దేవుని మీద ప్రమాణం చేస్తడు, కండ్ల నీళ్ళు పెట్టుకుంటడు, తాను చూసిందే చెప్తున్నని గుండెల నిండ నమ్మి చెప్తడు. గని ఆయన చెప్పినట్టు జరిగి ఉండదు. అట్లని ఆయన అబద్ధం ఆడలే. బెంచి క్లర్కు కుర్చీ జడ్జిసాబ్ కింద, బోనుకు ఎదురుంగ ఉంటది. నా నౌకరంత ఆ కుర్చీలనే గడిచింది. సాక్షి మొఖం జడ్జి కంటె నాకే దగ్గర. ఎసుంటోళ్ళను చూసిననో చెప్తే ఈ రాత్రి చాలదు.

మొన్న అడిగినవు చూడు, ‘కండ్లార చూసిన సాక్షి ఉంటె ఇంక కేసుల ఏం మిగులుతది తాతా’ అని. అంత మిగులుతది బిడ్డా. ఆ మొద్దు జర మంటలకు నూకు, పొగ అటు మళ్ళుతది. ఇను.

ముందుగాల మన జాగ ముచ్చటే చెప్త. ఈ చందానగర్, హఫీజ్‌పేట, మదీనగూడ, నల్లగండ్ల అన్ని పొలాలు, బీళ్ళు, చెరువు కట్టలే ఉండె. రామచంద్రాపురంల బీహెచ్‌ఈఎల్ ఫ్యాక్టరీ 1960లల్ల వచ్చింది. అప్పటికెల్లి బొంబాయి రోడ్డు పొంటి కొన్ని కొన్ని ఇండ్లు లేసినయి. అయినా భూమిని పంట కోసమే చూసేటోళ్ళు. 1998 నవంబరుల వాజపేయి వచ్చి మాదాపూర్ల సైబర్ టవర్స్ తెరిచిండు. ఇగ అప్పటికెల్లి ఎకరం లెక్క పోయి గజం లెక్క వచ్చింది. గజం లెక్క రాంగనే కోర్టు వాయిదాలు వచ్చినయి. తాతల కాలంల అమ్ముకున్నది, పంచుకున్నది, కౌలుకిచ్చింది అంత తవ్వి బయటికి తీసిన్రు. కాగితమున్నోడు కాగితం తెచ్చిండు, లేనోడు ముసలోళ్ళను తెచ్చిండు.

ఆ ముసలోళ్ళకు తారీఖులు యాడివి? రజాకార్ల దినాలల్ల అంటరు. పోలీస్ యాక్షన్ అయినంక అంటరు. కంపెనీ కట్టేటప్పుడు అంటరు. జై తెలంగాణ లడాయి నాడు అంటరు. డెబ్బయ్రెండు కరువు అంటరు. వాళ్ళ క్యాలెండర్ అదే. ఒక సాదా బైనామా దావా నాకు యాదికున్నది. తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం, రిజిస్ట్రేషన్ లేదు. రాసినప్పుడు కూసున్న పెద్దమనుషులు ముగ్గురు బతికున్నరు. ముగ్గురినీ ఒకరి ఎనక ఒకరిని పిలిచిన్రు. ఏప చెట్టు కిందనే రాసిన్రని ముగ్గురు చెప్పిన్రు. కాగితం పట్వారి తెచ్చిండని ముగ్గురు చెప్పిన్రు. ఏలిముద్ర ఏసేటప్పుడు అమ్మినాయన ఏడ్చిండని, వాళ్ళమ్మ ఆయన భుజం మీద చెయ్యేసిందని ముగ్గురు చెప్పిన్రు. ఏ సంవత్సరమని అడిగితే మాత్రం ఒకాయన లడాయి నాడన్నడు, ఒకాయన కరువు నాడన్నడు, ఇంకొకాయన ఎమర్జెన్సీ అయినంక అన్నడు. అవతలి వకీలు ఎగిరి లేసిండు. ఎనిమిదేండ్ల తేడా, ముగ్గురూ అబద్ధాలకోర్లేనని గట్టిగ అన్నడు.

నేను ఆ ముగ్గురి మొఖాలు చూసిన. అబద్ధమైతే ముందుగాల కలిపేది సంవత్సరాన్నే గద! నేర్పించేటోడు అదే ఫస్టు నేర్పిస్తడు. మనిషి యాది ఏడుపును పట్టుకుంటది, చెట్టును పట్టుకుంటది, అవమానాన్ని అసలే మరువది. తారీఖును పట్టుకోదు. మన చట్టమంత తారీఖు మీద నడుస్తది. ఎన్నేండ్ల కబ్జా, ఏ ఏడు పహాణిల ఎవరి పేరు, దావా ఎప్పటిలోపల ఎయ్యాలె, అన్ని అదే లెక్క. తెలంగాణల 1954-55 ఖాస్రా పహాణిల పేరున్నోడు ధైర్యంగ నిలబడ్డడు, పేరు లేనోడు ఊరోళ్ళ యాది మీద నిలబడ్డడు. 2014 జూన్ 2 కంటె ముందు తెల్లకాగితం మీద కొన్నోళ్ళకు పట్టాలిస్తమని సర్కారు దరఖాస్తులు తీసుకున్నప్పుడు గూడ అంతే. చుట్టుపక్కల రైతులను అడగాలె, భూమి ఎవరు దున్నుతున్నరో తెలుసుకోవాలె. అడిగేటందుకు మనుషులుండాలె గద. కొన్ని కేసులకు మనుషులే మిగలలే. మన పక్కపొంటి హైదర్‌నగర్ భూముల దావా చూడు. ఖుర్షీద్ జాహీ పాయిగా ఆస్తుల పంపకం కోసం 1958ల పడ్డది, సీఎస్ 14. దాని ఎనకాల పుట్టిన తగాదాల మీద సుప్రీంకోర్టు 2023 జూన్‌ల తీర్పు చెప్పింది. దావా ఏసిన్నాటి మనుషులు ఎప్పుడో మట్టిల కలిసిన్రు. కాగితాలు ఒకదాంతోని ఒకటి కొట్లాడుకున్నయి.

సాక్షి యాది ఎట్లుంటదో సుప్రీంకోర్టుకు తెల్వదని కాదు. 1983లనే భోగిన్‌భాయ్ హిర్జీభాయ్ కేసుల, గుజరాత్ నుంచి వచ్చింది, జస్టిస్ ఠక్కర్ మస్తు ఇవరంగ రాసిండు. సాక్షి మెదడు ఫొటో తీసి దాసుకోదు. ఉన్నట్టుండి మీద పడ్డ సంఘటనను మనిషి పూర్తిగ పట్టుకోలేడు. ఒకడు చూసింది పక్కోడు చూడడు. మాటలు ఉన్నదున్నట్టు అప్పజెప్పలేడు, వాటి సారం చెప్తడు. టైము అడిగితే అందాజ చెప్తడు. కోర్టు వాతావరణం చూసి, గుచ్చి గుచ్చి అడుగుతుంటె బీరిపోయి, ముందూ ఎనకా కలిపేస్తడు, సందులల్ల తన ఊహను నింపుకుంటడు. గందుకని అసలు సంగతిని తాకని చిన్న చిన్న తేడాలకు సాక్ష్యమంత పారేయొద్దన్నడు. ఆ తీర్పు మీ క్లాసుల చెప్పిన్రో లేదో, నువ్వు మాత్రం తెచ్చుకొని చదువు బిడ్డా. చిన్న తీర్పే.

మన తెలుగోళ్ళకు యాది శక్తి ఎక్కువని చెప్పుకుంటం. నిజమే. తిరుపతి వెంకట కవులు శతావధానాలు చేసిన్రు. నూరు మంది అడిగినదానికి నూరు పద్యాలు అల్లి, ఆఖర్ల అన్నిటినీ ధారణ చేసుడంటె మాటలు గాదు. గని అవధానికి ముందే తెలుసు, ఇది గుర్తు పెట్టుకోవాలెనని. ఛందస్సు ఆయన చెయ్యి పట్టుకొని నడిపిస్తది. తప్పితే ఎదురుంగ పృచ్ఛకుడున్నడు. సాక్షికి ఏమున్నది? కూరగాయలకని పోతుండె. ఎనక నుంచి అరుపు ఇనబడ్డది. తిరిగి చూసేసరికి సగం అయిపోయింది. ఆ సగాన్ని పదేండ్ల తర్వాత బోనుల నిలబడి ఒప్పజెప్పమంటం.

పదేండ్లంటే ఇగ చుండూరు చెప్పాలె. నేను ఆ కోర్టుల పనిచేయలే, అది మన దిక్కు గాదు. అయినా కోర్టు నౌకరి చేసినోనికి ఆ కేసు లోపల్నే ఉండిపోతది.

1991 ఆగస్టు 6. అప్పటి గుంటూరు జిల్లా చుండూరు. ఎనిమిది మంది దళితులను తరిమి తరిమి చంపిన్రు. శవాలను గోనె సంచులల్ల కుక్కి తుంగభద్ర కాల్వల ఏసిన్రు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చి అప్పటికి రెండేండ్లే. బాధితులు కొట్లాడి కొట్లాడి, ప్రత్యేక కోర్టును తమ ఊర్లనే పెట్టించుకున్నరు. ఊర్లనే కోర్టు కూసునుడు చిన్న ముచ్చట గాదు. గని విచారణ మొదలయ్యేసరికి 2004 వచ్చింది. 2007 జూలై 31న తీర్పు వచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ ఇడిసిపెట్టింది. చావులు ఏ టైముకు జరిగినయి, ఏ జాగల జరిగినయి, ఎవరి మీద ఎవరు చెయ్యేసిన్రు, ఇవి రుజువు గాలేదని, సాక్షుల మాటలల్ల తేడాలున్నయని.

బిడ్డా, నిరపరాధి జైలుకు పోవద్దు. అనుమానం ఉంటె ముద్దాయికే లాభమన్న సూత్రం లేకుంటె కోర్టులే వద్దు. దాన్ని నేను తప్పు పట్ట. నేను అడిగేది వేరే. పొలాలకడ్డంబడి పానం అరచేతుల పెట్టుకొని ఉరికిన మనిషి గడియారం చూస్తడా? ఏ గొడ్డలి ఎవని చేతిలున్నదో, ఎవడు ముందు ఎవడు ఎనకో, పదమూడేండ్లు దాటినంక వరుసగ చెప్పగలుగుతడా? గుంపు కొట్లాటల ఇది కష్టమని కోర్టులకు ఎరుకే. 1964లనే మసాల్తి కేసుల సుప్రీంకోర్టు ఒక దారి చూపింది. గుంపు మీద కేసైతే ఒక్క సాక్షి మాట మీదనే పోకుండ ఇద్దరో ముగ్గురో, ఇంకా ఎక్కువ మందో ఒకే తీరుగ చెప్పినోళ్ళకే శిక్ష ఎయ్యమన్నది. మంచి జాగ్రత్తనే. గని ఇద్దరు ముగ్గురు ఒకే తీరుగ చెప్పాలెనంటె వాళ్ళను ఆ వారంలనే అడగాలె. పదమూడేండ్లు కూసోబెట్టినంక యాది తేడా వస్తే ఆ తేడా బరువును బాధితుని నెత్తి మీదనే పెట్టుడు అన్యాయం. ఆలస్యం చేసింది వాళ్ళు గాదు. ఈ మాట నేను ఏ జడ్జి ముంగటైనా చెప్త.

నౌకరిల ఉన్నన్నినాళ్ళు నన్ను సతాయించిన కాగితం ఒకటున్నది. మీ పుస్తకాలల్ల దాన్ని 161 స్టేట్‌మెంట్ అంటరు, కొత్త నాగరిక్ సురక్షా సంహితల 180 సెక్షన్. పోలీసాయన సాక్షిని అడుగుతడు, తన మాటలల్ల తాను రాసుకుంటడు. సాక్షి సంతకం పెట్టొద్దని చట్టమే చెప్తది. ఎందుకంటె పోలీసులు బలవంతంగ ఒప్పించి రాయించుకుంటరని భయం. ఆ భయం తప్పు గాదు. గని ఏమైతదో చూడు. సాక్షి ఆ కాగితం సూడలే, సదవలే, సంతకం పెట్టలే. ఏండ్ల తర్వాత బోనుల ‘ఎర్ర అంగీ ఏసుకున్నడు’ అంటడు. వకీలు లేసి, ‘ఈ మాట నువ్వు పోలీసులకు చెప్పలే, ఇప్పుడే పుట్టిచ్చినవు’ అంటడు. సాక్షి చెప్పిన్ననే అంటడు. రాసినాయన ఇడిసిపెట్టిండో, ఈయన చెప్పలేదో ఎవరికి ఎరుక? టైపు చేసి చేసి నా ఏళ్ళకు అలవాటైపోయింది, ‘చెప్పలేదనుట నిజం గాదు’ అని. మాటలను ఆడియో వీడియోల గూడ రికార్డు చెయ్యొచ్చని 2009 ఆఖరు నుంచే చట్టంల ఉన్నది. చెయ్యొచ్చన్నరు, చెయ్యాలె అనలే. ఆ ఒక్క మాటల ఎన్ని కేసులు మునిగినయో! పెద్ద నేరాలల్ల సాక్షి మొదటి మాట వీడియోల ఉండి తీరాలె. సాక్షికీ న్యాయమైతది, ముద్దాయికీ న్యాయమైతది.

ముద్దాయి అన్న గద, ఇగ రెండో దిక్కు ఇను. తప్పుడు యాది దోషిని ఇడిపిస్తదని మాత్రమే అనుకోకు. ఏమీ ఎరుగనోణ్ణి లోపలేస్తది గూడ. అమెరికాల నార్త్ కరోలినా రాష్ట్రంల 1984ల జెన్నిఫర్ థాంప్సన్ అనే పిల్ల మీద రాత్రిపూట ఒకడు అఘాయిత్యం చేసిండు. ఆ పిల్ల ఎంత తెలివిగల్లదంటె, బతికితె వీణ్ణి పట్టియ్యాలెనని ఆ టైముల గూడ వాని మొఖాన్ని పట్టి పట్టి చూసింది. ఫొటోలల్ల రొనాల్డ్ కాటన్‌ను గుర్తుపట్టింది, వరుసల నిలబెట్టినప్పుడు గూడ ఆయననే చూపించింది. యావజ్జీవం పడ్డది. మళ్ళ విచారణ జరిగినప్పుడు అసలు నేరగాడు బాబీ పూల్‌ను అదే కోర్టులకు తెచ్చి ఆమె ముంగట నిలబెట్టిన్రు. ఈయనను నేనెప్పుడూ చూడలేదన్నది. 1995ల డీఎన్‌ఏ పరీక్షల నిజం బయటపడ్డది. కాటన్ పదేండ్ల పైన జైలుల ఉన్నడు. ఆమె అబద్ధం ఆడిందా? ఆడలే. ఫొటోల చూసిన మొఖం, ఆ రాత్రి చూసిన మొఖం మీద కూసున్నది. ఒకసారి కూసున్నదంటె ఇగ లేవదు. ఎంత ధైర్యంగ చెప్తున్నడన్న దాన్నిబట్టి ఎంత నిజమో కొలువొద్దు బిడ్డా. మనం అందరం అట్లనే కొలుస్తం. జడ్జిలు గూడ మనుషులే గద, అట్లనే కొలుస్తరు.

అడిగే మాట గూడ యాదిని మారుస్తది. 1974ల ఎలిజబెత్ లాఫ్టస్ అనే ఆమె, పామర్ అనే ఆయన కలిసి కాలేజీ పిల్లలకు కార్లు గుద్దుకున్న సినిమా చూపించిన్రు. కొందరిని కార్లు తాకినప్పుడు ఎంత స్పీడున్నయని అడిగిన్రు. కొందరిని తుక్కుతుక్కుగ గుద్దుకున్నప్పుడు ఎంత స్పీడని అడిగిన్రు. వారం తర్వాత అద్దం పగిలిందా అని అడిగిన్రు. సినిమాల పగిలిన అద్దమే లేదు. గట్టి మాటతోని అడిగిన 50 మందిల 16 మంది పగిలిందన్నరు, నిమ్మళంగ అడిగిన 50 మందిల 7 మందే అన్నరు. ఒక్క మాట తేడాకు అంత. ఠాణల ‘వాడు కత్తి తీసినప్పుడు నువ్వు యాడున్నవు’ అని అడిగితే, కత్తి చూడనోనికి గూడ కత్తి కనబడుతది. మన దిక్కు పసిపిల్లలను ఇంటి ఆడోళ్ళు, ఠాణోళ్ళు, డాక్టరు, వకీలు మార్చి మార్చి అడిగేటోళ్ళు. ఒక్కోసారి ఒక్కో ముక్క చేరేది. 2016ల హైదరాబాదుల భరోసా కేంద్రం పెట్టినంక, పోలీసు, వైద్యం, కౌన్సెలింగ్ ఒక్క కప్పు కింద పెట్టిన్రు, పిల్లలను పదిచోట్ల తిప్పుడు తగ్గాలెనని. నేను చూసిన మంచి పనులల్ల అదొకటి.

2025 ఆగస్టుల మన చందానగర్లనే పట్టపగలు నగల దుకాణంల తుపాకులతోని చొరబడిన్రు గద. అక్కడ పనిచేసే ఒకాయన కాలికి తూటా తగిలింది. ఊరంత గడగడలాడింది. తుపాకి ఎదురుంగ ఉన్నప్పుడు మనిషి కండ్లు తుపాకి మీదనే ఉంటయి, మొఖం మీదికి పోవు. ఇది చదువుకున్నోళ్ళు పరీక్షలు చేసి చెప్పిన మాట, నేను బోనుల చూసిన మాట గూడ. పిస్తోలు రంగు చెప్తరు, మూతి చెప్తరు, పట్టుకున్నోని మీసం ఉన్నదా అంటే తడబడ్తరు. అట్లాంటి కేసుల కెమెరాలు ఉండబట్టి పోలీసులకు ఆసరా దొరుకుతది. కెమెరా లేని జాగల గుర్తింపు పరేడే దిక్కు. జైలుల మెజిస్ట్రేటు ముంగట చేస్తరు. మన క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌ల 34వ రూలు చదువు. అనుమానితునితోని నిలబెట్టేటోళ్ళు ఈడుకు, రూపుకు అటూ ఇటూ ఆయనలెక్కనే ఉండాలె. గడ్డమున్నోణ్ణి గడ్డం లేనోళ్ళల్ల నిలబెడితే ఆ పరేడు పనికిరాదు. ముందే ఫొటో చూసినా పనికిరాదు. ఇప్పుడు అరెస్టయిన గంటల ఫొటో టీవీల వస్తది, వాట్సాప్‌ల తిరుగుతది. తెల్లారి పరేడుల సాక్షి గుర్తుపట్టేది దుకాణంల చూసినోణ్ణా, ఫోన్ల చూసినోణ్ణా? అసలు దొంగ దీంతోనే తప్పించుకుంటడు, అమాయకుడు దీంతోనే ఇరుక్కుంటడు. ఆ ఫొటోలు పంపుడు ఆపాలె. పోలీసులు ఆపాలె, మనం గూడ ఆపాలె.

యాదిని మందిచ్చి బయటికి గుంజొచ్చని నమ్మేటోళ్ళున్నరు. నార్కో అంటరు, బ్రెయిన్ మ్యాపింగ్ అంటరు. 2010 మే 5న సెల్వి కేసుల సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోకుండ ఆ పరీక్షలు చెయ్యొద్దన్నది. మంచిగ చెప్పింది. మత్తుల మాట్లాడిన మాటల నిజమెంతో, కల ఎంతో, ఎదుటోడు అందించింది ఎంతో ఎవరు తూస్తరు?

1957ల మద్రాసు నుంచి వచ్చిన వడివేలు తేవర్ కేసుల సుప్రీంకోర్టు సాక్షులను మూడు తీర్లుగ చేసింది. పూర్తిగ నమ్మదగినోళ్ళు, అసలే నమ్మదగనోళ్ళు, ఈ రెంటికి నడుమనున్నోళ్ళు. నా కుర్చీల నుంచి చూసిన సాక్షులల్ల శానమంది నడిమోళ్ళే. నువ్వు వకీలయినంక నీ ముంగటికి వచ్చేటోళ్ళు గూడ వాళ్ళే. వాళ్ళను అబద్ధాలకోర్లని తిట్టకు. వాళ్ళ మాటకు ఇంకో ఆసరా ఉన్నదా చూడు, గాయం ఏం చెప్తది, కాగితం ఏం చెప్తది, ఫోన్ ఏ టవర్ కింద ఉన్నది, అవి చూడు. క్రాస్ చేసేటప్పుడు టైము తప్పు చెప్పిందని ఒక ముసలామెను ఏడిపిచ్చి గెలువకు. అట్ల గెలిచినోళ్ళను చూసిన. వాళ్ళంటె నాకు మర్యాద లేదు.

ఇంకోటి, ఇది నీకే గాదు, ఈ మంట చుట్టు కూసున్నోళ్ళందరికీ. రేపు రోడ్డు మీద యాక్సిడెంటు చూస్తరు, కొట్లాట చూస్తరు, పక్కింట్ల గోడకాడ తగాదా చూస్తరు. చాయ హోటల్ల పదిమందితోని మాట్లాడకముందే, ఫోన్ల గ్రూపుల ఎవలేం రాసిన్రో చదవకముందే, ఇంటికొచ్చి ఒక కాగితం తీసుకోండ్రి. తారీఖు ఏసి, టైము ఏసి, యాడ నిలబడి చూసిన్రో, ఎంత దూరంలనో, ఎలుగున్నదో లేదో, ఏం చూసిన్రో మీ చేతితోనే రాసి సంతకం పెట్టుకోండ్రి. భారతీయ సాక్ష్య అధినియంల 162 సెక్షన్ ప్రకారం, యాది పచ్చిగున్నప్పుడు నీ చేతితో రాసుకున్న కాగితాన్ని బోనుల నిలబడ్డప్పుడు చూసుకోవచ్చు. అవతలి వకీలుకు గూడ ఆ కాగితం చూసే హక్కున్నది, 164 సెక్షన్. అందుకని చూసింది చూసినట్టు రాయండ్రి, ఇన్నది ఇన్నట్టు రాయండ్రి. మొఖం కనబడకుంటె కనబడలేదనే రాయండ్రి.